అరటిపళ్ళతో వచ్చే మనిషి

పోయిన వారం వ్యాసర్పాడిలో ఒక చుట్టాలింటికి వెళ్ళవలసి వచ్చింది. చూలైలో మా వీధి చివర పళ్ళ అంగట్లో ఒక అత్తం రస్తాళి అరటిపళ్ళు కొన్నాను. సంచీ తేలేదు. కాగితం చుట్టించి, అరచేతి మీద పెట్టుకుని బస్సెక్కాను. ముందు సీట్లో కూర్చున్న నెరిసిన మీసాల మనిషి వెనక్కి తిరిగి నన్ను చూశాడు, పళ్ళను చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు.

"లెక్కలన్నా, ఎవురింటికి?" అన్నాడు.

ఏడుకొండలు. ఒకప్పుడు మా క్లబ్బు జట్టులో రైట్ బ్యాక్. చుట్టాలింటికని చెప్పాను. నమ్మినట్టు కనబడలేదు.

"మా ఇంటికి కాదు గదా? ఇప్పుడు నేను తాతను. ఆ ఉద్యోగం లోంచి కూడా తీసేస్తారా ఏంది?"

పక్కన కూర్చున్నవాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. మేమిద్దరం మాత్రం దిగేదాకా నవ్వుకుంటూనే ఉన్నాం. దిగేముందు అతను కాగితం కొంచెం పక్కకు తీసి ఒక పండును బొటనవేలితో నొక్కి చూశాడు. "రేపటికిగానీ మాగవు. మామ దగ్గర బాగా నేర్చుకున్నావు," అన్నాడు.

నిజానికి నేను చూసి కొనలేదు. అట్లాంటి పళ్ళే ఏరడం చేతికి అలవాటైపోయింది. ఆ అలవాటు నేర్పిన మనిషి పోయి కొన్నేళ్ళయింది. ఆయన గురించి నాకు తెలిసినంత వరకు, నా కళ్ళతో చూసినది చూసినట్టు, విన్నది విన్నట్టు రాస్తున్నాను.

అందరూ ఆయన్ని మామ అనేవాళ్ళు. నాకంటే పదేళ్ళకు పైగా పెద్ద. రైలు వర్క్‌షాపులో ఫిట్టరు. పొట్టి మనిషి, పిక్కలు మాత్రం పనసకాయల్లా ఉండేవి. డ్యూటీకి ముందు పొద్దున, డ్యూటీ అయ్యాక సాయంకాలం మా క్లబ్బు ఆటగాళ్ళకు ఫుట్‌బాల్ నేర్పేవాడు. వ్యాసర్పాడిలో రైలు యార్డు గోడ పక్క ఒక కంకర నేల ఉండేది. గడ్డి ఒక మూల మాత్రం మొలిచేది, అక్కడ మేకలు ఉండేవి. ఆ నేల మీదే క్లబ్బు పిల్లల క్యాంపు కూడా నడిచేది. ఆట ఉన్న రోజు సున్నంతో గీతలు ఆయనే గీసేవాడు. ఇంకొకరి చేతికి డబ్బా ఇవ్వడు. గీసిన తర్వాత గీత బయట ఒక సోడా పెట్టె తిరగేసి దాని మీద కూర్చునేవాడు.

గీత మీద ఎవరైనా నిలబడితే ఆయనకు సహించేది కాదు. ఆడేవాడైనా, చూసేవాడైనా, సోడాలమ్మేవాడైనా ఒకటే. "ఆ పక్కన్నా ఉండు, ఈ పక్కన్నా ఉండు. గీత మీద నీకేం పని?" అనేవాడు. ఒకసారి రెఫరీనే అన్నాడు. ఆ రోజు ఆయన్ని మైదానం బయటికి పంపారు. గోడెక్కి కూర్చుని చూశాడు. కనీసం గోడ గీత కాదు కదా అని మేం ఓదార్చాం.

ఆటలో బంతిని చూసేవాడు కాదు. "బంతిని అందురూ చూస్తారు, నేనెందుకు?" అని ఆటగాళ్ళ కాళ్ళు చూసేవాడు. ఆట జరుగుతున్నంతసేపూ ఆయన తల నేల వైపు వంగి ఉండేది. కొత్తగా చూసినవాళ్ళు నిద్రపోతున్నాడనుకునేవాళ్ళు.

నాకు ఫుట్‌బాల్ ఆడటం రాదు. చూలైలో పసుపు, మిరపకాయల హోల్‌సేల్ కొట్టు నడిపే శెట్టిగారి దగ్గర నేను లెక్కలు చూసేవాణ్ణి. లెక్క కూడా ఎవరూ నేర్పలేదు. బస్తాల మధ్య కూర్చుని చూసి చూసి నేర్చుకున్నదే. క్లబ్బు శెట్టిగారి నాన్న పెట్టింది. కొట్టుతో పాటు అదీ శెట్టిగారికి వచ్చింది, ఆయనతో పాటు నాకూ వచ్చింది. ఆటకు వెళ్ళి కూర్చుంటే నా కళ్ళు వాటంతటవే లెక్కపెట్టేవి. గోలు ఎప్పుడు పడింది, ఎటువైపు నుంచి వచ్చింది, అప్పుడు ఎవరు ఎక్కడున్నారు. మామకు అది నచ్చింది. నువ్వు ఆట చూడవు, ఆట మిగిల్చిన తొక్కలు చూస్తావు, అదీ ఒకరు చూడాల్సిందే అని సోడా పెట్టె మీద సగం జాగా ఇచ్చాడు.

తొంభైల మధ్యలో ఒక ఏడాది, లీగ్ మొదలయ్యే ముందు, శెట్టిగారు మా ఇద్దరినీ కొట్టుకు పిలిపించారు. అన్నదమ్ములు వేరు పడ్డారు, ఆయన వాటా తగ్గింది. ఇటు మా జట్టు చూస్తే, కల్యాణమండపంలో చుట్టాల లాగా పెరుగుతూ పోయింది. ఎవరి మనిషిని వాళ్ళు తెచ్చి పెట్టారు, పెట్టినవాణ్ణి ఎవరూ తీయలేదు. ఆడేవాళ్ళకంటే కూర్చుని చూసేవాళ్ళు ఎక్కువ. అయినా ఏటేటా పట్టికలో కింది వరసల్లోనే ఉండేవాళ్ళం. క్యాంపులో మామ పెంచిన పిల్లలు మీసాలు వచ్చేసరికి వేరే క్లబ్బులకు పోయి మా మీదే గోల్స్ కొట్టేవాళ్ళు.

శెట్టిగారు కోపంగా చెప్పలేదు. మామూలుగానే చెప్పారు. "సగం మందిని తీసేయప్పా. ఆ క్యాంపు పిలకాయల్ని పైకెక్కించు. కాదంటే చెప్పు, క్లబ్బు బోర్డు దించేసి నా పనేదో నేను చూసుకుంటా."

మేం తిన్న గోల్స్‌లో ఎక్కువ భాగం రెండో సగంలోనే అని నేను అప్పటికే గమనించి ఉన్నాను. అదే చెప్పాను. మామ తలూపాడు. ఆయనకు ఆ సంగతి కాళ్ళు చూసి తెలుసు. శెట్టిగారు గొంతు తగ్గించి అడిగారు. "నీ బామ్మర్ది ఉండాడే. వాడో?"

మామ చేతికంటిన పసుపు తుడుచుకున్నాడు. "ముందు మిగతావాళ్ళది అయిపోనీండి," అన్నాడు.

ఆ బామ్మర్ది మునిరత్నం మా జట్టుకు కెప్టెన్, సెంటర్ హాఫ్. ఎన్నూరులో పవర్ హౌసు పక్క లారీల షెడ్డులో పని. వాళ్ళమ్మ చిన్నప్పుడే పోతే అక్క ఎత్తుకుని పెంచింది. ఆమె పెళ్ళయి వచ్చేటప్పుడు తమ్ముణ్ణి కూడా వెంట తెచ్చుకుంది. వాళ్ళకు పిల్లలు పుట్టలేదు. మునిరత్నమే పిల్లవాడు. ఆట అయ్యాక చూద్దాం అంటూ పెళ్ళి వాయిదా వేస్తూ ముప్పై దాటించాడు. మోకాలు రెండేళ్ళుగా సరిగా లేదు. అది మామకు తెలుసు, నాకు తెలుసు, మునిరత్నానికి అందరికంటే బాగా తెలుసు. ముగ్గురం ఆ మాటెత్తేవాళ్ళం కాదు.

వేరే క్లబ్బుల్లో మనిషిని తీసేయడం సులువు. పేర్లు రాసి గోడకు అంటిస్తారు, లేదా ఆట ఉందని కబురు పంపడం మానేస్తారు. మామ అట్లా చేయనన్నాడు. ఒక అత్తం అరటిపళ్ళు తీసుకుని తీసేయబోయేవాడి ఇంటికి వెళ్ళాలి, ఆ ఇంట్లో ఏదైనా తినాలి, తిన్న తర్వాతే చెప్పాలి. అదీ వాడి తల్లి ముందో పెళ్ళాం ముందో చెప్పాలి. నన్ను తోడు రమ్మన్నాడు. ఇదంతా ఎందుకని అడిగాను.

"గ్రౌండులో చెప్తే ఎవుడైనా వింటాడప్పా. ఆడ మగోడు మాదిరి నిలబడతాడు. ఆ మాట ఇంటికి మోసకపోయి చెప్పాల చూడు, ఆడ ఉండాది కష్టం. వాడెందుకు మోయాల? నేనే మోసకపోతా."

పళ్ళు కూడా ఆయనే ఏరేవాడు. అంగడామె బాగా మాగినవి చూపిస్తే వద్దనేవాడు. కొంచెం పచ్చిగా ఉండాలి, రేపటికి మాగేటట్టు. ఈ రోజు ఆ ఇంట్లో ఎవరూ తినరు, రేపటికి ఆకలేస్తుంది అని ఆయన లెక్క. సంచీలో పెట్టేవాడు కాదు. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు అరచేతిలో పట్టుకుని నడిచేవాడు.

మొదటి ఇల్లు ఏడుకొండలుది. ఆ రోజు పొరపాటు జరిగింది. ఆడవాళ్ళున్న ఇంటికి ఉత్త పళ్ళతో పోతే బాగుండదని మామ రెండు మూరల మల్లెపూలు, తమలపాకులు, వక్కలు కూడా కొన్నాడు. ఇద్దరం ఉతికిన పంచెలు కట్టుకున్నాం. పట్టాల పక్క వీధిలో ఆ ఇంటి గుమ్మం ముందు నిలబడేసరికి ఏడుకొండలు తల్లి మమ్మల్ని, మా చేతుల్లో ఉన్నవాటిని చూసింది. ఆమె ముఖం వెలిగిపోయింది. లోపలికి రమ్మని చాప పరిచింది, ఫ్యాను తిప్పింది, కొడుకు ఇంకా రాలేదని చెప్పి వంటింట్లోకి పోయింది. వెనక వాకిలి నుంచి పక్కింటామె వచ్చింది. నెయ్యి కాగిన వాసన వచ్చింది. మంచి మర్యాద తెలిసిన ఇల్లని మామ నా చెవిలో చెప్పాడు.

కేసరి వచ్చింది. నియమం ప్రకారం మామ తిన్నాడు, నేనూ తిన్నాను. తర్వాత పట్టుచీర కట్టుకుని, తల వంచుకుని ఒక అమ్మాయి కాఫీ తెచ్చి పెట్టింది. అప్పుడు కూడా మాకు తోచలేదు. ఆ తల్లి ఎదురుగా కూర్చుని, కొంగు సర్దుకుని అడిగింది.

"అబ్బాయి ఏం చేస్తా ఉండాడు?"

మామ చేతిలో గ్లాసు నోటి దగ్గర ఆగిపోయింది. నెమ్మదిగా కింద పెట్టాడు. "అమ్మా, మేము వచ్చింది నీ కూతురి సంగతి కాదు. నీ కొడుకు సంగతి."

ఆమె ఇంకా ఇబ్బందిలో పడింది. "వాడికా? చెల్లెలుండంగా వాడికి ముందు ఎట్ల జేస్తాం సామీ?"

ఇక దాచడానికి వీల్లేక మామ చెప్పేశాడు. జట్టును తగ్గిస్తున్నామని, చిన్నవాళ్ళను ఎక్కిస్తున్నామని, ఏడుకొండలు మంచి ఆటగాడని, అయినా ఇక చాలని. చివర్లో ఆయన ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది, మొదటిసారి అక్కడే విన్నాను. "వాణ్ణి ఇంక గీతకు ఈ పక్కకి రమ్మను. నా పక్కన కూచోమను." వంటింటి తలుపు వెనక ఆ అమ్మాయి ఫక్కున నవ్వింది. తల్లి కాసేపు పూల వైపు చూసింది. అయితే ఇకనుంచి ఆదివారాలు వాడు ఇంట్లో ఉంటాడా అని అడిగింది. ఉంటాడన్నాం. లేచి వెళ్ళి మాకు మళ్ళీ కేసరి వడ్డించింది.

సరిగ్గా అప్పుడే ఏడుకొండలు వచ్చాడు. పట్టుచీరలో చెల్లెలు, చాప మీద మేము, మల్లెపూలు, పక్కింటామె. ఎవరి పెళ్ళి అని అడిగాడు.

"నిన్ను ఫుట్‌బాల్ లోంచి తీసేసినారు," అంది తల్లి. "దా, కేసరి తిను."

ఆ తర్వాత మామ ఎప్పుడూ పూలు, తమలపాకులు తీసుకోలేదు. ఉత్త అరటిపళ్ళే.

ఆ నెలంతా మా పని అదే అయింది. వ్యాసర్పాడిలో సంగతి తెలిసిపోయింది. మామ పళ్ళతో వీధిలోకి వస్తే ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి ఎవరి వాకిలి ముందు ఆగుతాడో చూసేవాళ్ళు. ఒక ఇంట్లో మా గోల్‌కీపర్ లోపలి నుంచి గడియ పెట్టుకుని ఇంట్లో లేనని తనే చెప్పాడు. అరుగు మీద కూర్చున్నాం. చివరికి వాళ్ళ అవ్వ కిటికీలోంచి మజ్జిగ అందించింది. మామ తాగి, కిటికీలోంచే చెప్పాడు. కొందరు తిట్టారు. ఒకతను పళ్ళను వీధిలోకి విసిరాడు, వాళ్ళావిడ వెళ్ళి ఏరుకొచ్చింది. ఎవరెట్లా తీసుకున్నా మామ ఒకటి మాత్రం తప్పేవాడు కాదు. చెప్పిన తర్వాత ఆ ఇంట్లో నిమిషం కూడా ఉండేవాడు కాదు. మనం లేస్తేనే వాళ్ళు మనల్ని తిట్టుకోగలరు, తిట్టుకుంటేనే అన్నం సయిస్తుంది అనేవాడు.

ఇళ్ళు తగ్గుతున్నకొద్దీ మాటలు పెరిగాయి. టీ కొట్టు దగ్గర మాకు వినబడేటట్టే అనేవాళ్ళు. "ఊరందరి ఇండ్లకూ పోతా ఉండాడు. తన ఇంటికి పోతాడా? చూస్తాంలే." మామ వినీ విననట్టు టీ తాగేవాడు. మునిరత్నం స్థానంలో ఆడగల పిల్లవాడు సిద్ధంగా ఉన్నాడు. డేనియల్ అని, క్యాంపులో పదేళ్ళప్పటి నుంచి ఉన్నవాడు. రోజూ పొద్దున వాడికి పాఠం చెప్పేది మునిరత్నమే. ఎవరి జాగాకు తయారు చేస్తున్నాడో తెలిసే చెప్పేవాడని నా నమ్మకం. కానీ తెలియడం వేరు, ఇంటికి పళ్ళు రావడం వేరు. ఇంట్లో అక్క ఉంది. తమ్ముడి జెర్సీని ఆమె వేరే బట్టలతో కలిపి ఉతికేది కాదు. తమ్ముణ్ణి తీసేసిన భర్తతో ఆ ఇంట్లో ఎట్లా ఉంటుంది, తీసేయకపోతే పళ్ళు పుచ్చుకున్న మిగతా ఇళ్ళ ముందు ఈయన ఎట్లా నడుస్తాడు అన్నది నాకు లెక్క తేలలేదు.

ఒక శనివారం సాయంకాలం మామ కొట్టుకు వచ్చి పద అన్నాడు. పళ్ళ అంగట్లో అంతకుముందు ఎప్పుడూ లేనంత సేపు ఏరాడు. బస్సు దిగి ఆయన వీధిలోకి మలుపు తిరిగినప్పుడు గుమ్మాల్లో ఆడవాళ్ళు చేతి పనులాపి చూశారు. ఆయన భార్య బిందె పట్టుకుని పంపు దగ్గరి నుంచి వస్తోంది. పళ్ళను చూసి ఆగింది.

"ఎవురింటికి?" అంది.

"ఈ ఇంటికే."

ఆమె బిందె దించలేదు. భర్త ముఖం కాసేపు చూసింది. "అట్లయితే కాళ్ళు కడుక్కొని రాండి. వచ్చినోళ్ళకి అన్నం పెట్టాల గదా," అని లోపలికి పోయింది.

మామ తన ఇంట్లో తను రోజూ కూర్చునే చోట కూర్చోలేదు. గోడ పక్క, చుట్టాలు వస్తే కూర్చునే ఇనుప కుర్చీలో కూర్చున్నాడు. పళ్ళు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె కూడా చుట్టాలకు ఇచ్చే స్టీలు గ్లాసులోనే నీళ్ళు ఇచ్చింది. కాసేపటికి మునిరత్నం వచ్చాడు. చొక్కా నిండా లారీల గ్రీజు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ నన్ను చూశాడు, ఇనుప కుర్చీలో బావను చూశాడు, ఒళ్ళో పళ్ళను చూశాడు. వెళ్ళి స్నానం చేసి వచ్చి మా పక్కన పీట మీద కూర్చున్నాడు.

చేపల పులుసు. ఆమె తమ్ముడి కంచంలో ముక్క మీద ముక్క వేస్తూనే ఉంది, అతను వద్దనకుండా తింటూనే ఉన్నాడు. చేతులు కడుక్కున్నాక మామ మళ్ళీ ఆ కుర్చీలోకి వెళ్ళి, ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి, మిగతా ఇళ్ళలో చెప్పిన మాటే, ఒక్క ముక్క కూడా తగ్గించకుండా చెప్పాడు. మంచి ఆటగాడివి, ఇక చాలు, గీతకు ఈ పక్కకు రా.

మునిరత్నం తన మోకాలి వైపు చూసుకున్నాడు. "సరే బావా," అన్నాడు. లేచి వీధిలోకి పోయాడు. పండు ముట్టలేదు.

ఆమె కంచాలు తీస్తూ అంది. "అన్నీ మురైగా, పద్ధతిగానే చేసినావు. ఒగటే తక్కువ. చెప్పినోడు లేచి పోవాల గదా? నువ్వు ఈ ఇంట్లోనే ఉండావే. నేనెట్ల తిట్టుకొనేది?"

మామ నా వైపు చూశాడు. ఆమె అన్నది న్యాయం. దండెం మీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు, పళ్ళు కిటికీలో పెట్టాడు, నాతో వచ్చేశాడు. చూలైలో మా ఇంట్లో ఉన్నాడు. పొద్దున మా ఇంటి నుంచే డ్యూటీకి, సాయంకాలం మైదానం నుంచి మళ్ళీ మా ఇంటికే. వంటలో మా ఆవిడకు సాయం చేస్తానని చెప్పి ఉల్లిపాయలు ఫిట్టరు లాగా సమానంగా కోసిపెట్టేవాడు. ఇంటి మాట ఎత్తేవాడు కాదు. భోజనం దగ్గర మాత్రం, ఇంకా తిట్టుకుంటా ఉండాదేమో అని ఒకసారి అన్నాడు.

ఆ వారం గడవకముందే ఒక సాయంకాలం మునిరత్నం మా గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో ఒక్క అరటిపండు ఉంది.

"అత్తమంతా నేనే తిన్నా బావా. అక్కకి కూడా ఈలేదు. ఇది ఒగటి నీకు," అన్నాడు. "పద. అక్క తిట్టేది అయిపోయిందంట."

మామ ఆ పండు అక్కడే నిలబడి తిన్నాడు. తొక్క మా ఆవిడ చేతికిచ్చి, తువ్వాలు తీసుకుని బయలుదేరాడు.

ఆ ఏడాది ఆట సంగతి క్లుప్తంగానే చెప్తాను. పిల్లలు మొదట ఓడిపోతూనే వచ్చారు. ఒక ఆటలో ఎంత దారుణంగా ఓడారంటే శెట్టిగారు మధ్యలోనే లేచి వెళ్ళిపోయారు. పళ్ళు పుచ్చుకున్న పాతవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గీతకు ఈ పక్క నిలబడేవాళ్ళు. మొదట్లో నవ్వడానికే వచ్చారు. కానీ అరవకుండా ఎంతసేపు ఉండగలరు? "రేయ్, వెనక్కి రా రా," అని ఏడుకొండలు ఒకసారి అరిచాడు. అక్కడి నుంచి అందరూ అరవడమే. నేను గమనించింది ఒకటుంది. రెండో సగంలో మేం గోల్స్ తినడం తగ్గింది. ఆ పిల్లలకు ఊపిరి ఉంది. ఆఖరి ఆటలో డ్రా చేసుకుంటే డివిజన్‌లో ఉంటాం, ఓడితే కిందికి పోతాం. డేనియల్ ఆఖరి నిమిషాల్లో గోలు గీత ముందు నుంచి తలతో ఒక బంతి తీశాడు. ఇద్దరూ గోలు కొట్టలేదు. డ్రా. మేం గెలవలేదు, గెలిచినంత పని చేశారు పిల్లలు. మునిరత్నం ఆనందంలో గీత తొక్కాడు. మామ కాలి మీద తట్టి వెనక్కి లాగాడు.

క్లబ్బు బోర్డు దిగలేదు. మునిరత్నం పిల్లల క్యాంపు చూడటం మొదలుపెట్టాడు. ఆ తర్వాత సంవత్సరం మామ, ఆయన భార్య, నేను పూలు, తమలపాకులు, పళ్ళు అన్నీ తీసుకుని పట్టాల పక్క ఇంటికి మళ్ళీ వెళ్ళాం. ఏడుకొండలు తల్లి గుమ్మానికి చేతులడ్డం పెట్టి, ముందు ఎవర్ని తీసేస్తా ఉండావో చెప్పు, తర్వాతే కేసరి అంది. పట్టుచీర కట్టుకున్న ఆ అమ్మాయే మునిరత్నం భార్య. మొదటిసారి తెచ్చిన పూలు కూడా వృథా పోలేదని ఆమె తల్లి అందరికీ చెప్పుకునేది.

ఇక చివరి సంగతి. తొంభైలు అయిపోవచ్చే నాటికి మామ రిటైరయ్యాడు. కళ్ళు మసకబారాయి. గీతలు ఆయనే గీసేవాడు, కానీ వంకరగా వచ్చేవి. పిల్లలు పొద్దున్నే వచ్చి చెరిపి మళ్ళీ గీసేవాళ్ళు, ఆయనకు చెప్పేవాళ్ళు కాదు. ఆటలో కాళ్ళు కనబడక, ఎవరు అలిసిపోయారో తెలియక, బాగా ఆడేవాణ్ణి బయటికి పిలిచేవాడు. ఏం చేద్దామని శెట్టిగారు నన్ను అడిగారు. నేను మునిరత్నం వైపు చూశాను. నాలుగు రోజుల తర్వాత మునిరత్నం కొట్టుకు వచ్చి పద లెక్కలన్నా అన్నాడు. చేతిలో అత్తం ఉంది. అప్పటికి అతని కాపురం పక్క వీధిలో.

మేం వెళ్ళేసరికి మామ వాకిట్లో కూర్చుని ఉన్నాడు. చూపు ఆనకపోయినా అరచేతి మీద ఏముందో పోల్చుకున్నాడు. అట్లా పట్టుకుని నడిచేది ఊళ్ళో ఆయన, ఆయన్ని చూసి నేర్చుకున్న మేమిద్దరం మాత్రమే. లేచి, మాతో పాటు లోపలికి వచ్చి, ఇనుప కుర్చీ తుడిచి బామ్మర్దికి చూపించాడు. మునిరత్నం అందులో కూర్చున్నాడు. కూర్చోగానే నోరు తెరిచాడు.

"బావా, నేను ఏం చెప్పొచ్చినానంటే..."

"ముందు తినరా," అన్నాడు మామ. "తినకుండా చెప్తావా? ఎవుడు నేర్పినాడు నీకు?"

అక్క అన్నం పెట్టింది. ఆ రోజు కూడా చేపల పులుసే. మునిరత్నం రెండు ముద్దలతో సరిపెట్టాడు. మామ మాత్రం బాగా తిన్నాడు, ముళ్ళు ఏరడానికి భార్య సాయం చేసింది. చేతులు కడుక్కుని వచ్చి, పీట మీద బామ్మర్దికి ఎదురుగా కూర్చుని, ఇంక చెప్పు అన్నాడు.

మునిరత్నం చెప్పాడు. ఎంత మంచి కోచో చెప్పాడు. ఇక చాలని చెప్పాడు. గీతకు ఈ పక్క అనబోయి, ఆయన ఎప్పుడూ కూర్చునేది ఈ పక్కనే కదా అని తోచి ఆగిపోయాడు.

మామ చెయ్యి చాచి అత్తంలోంచి ఒక పండు తెంపాడు. బొటనవేలితో నొక్కి చూశాడు. వేలు మెత్తగా దిగింది.

"ఏందిరా, బాగా మాగినవి తెచ్చినావు?"

"నువ్వు ఈ రోజే తింటావని తెలుసు బావా."

మామ తొక్క తీసి సగం తిన్నాడు. మిగతా సగం భార్యకిచ్చి, ఏ అంగట్లో కొన్నావని అడిగాడు.